మూడు వందల డాలర్ల దూర్బీను, మామయ్య వేరుశనగ చేను

నమస్కారం. ఈసారి వీడియో తిరుపతి నుంచి. బైరాగిపట్టెడలో అత్తయ్యగారి మేడ మీద కూర్చుని మాట్లాడుతున్నాను. వెనక కనిపిస్తున్నవి ఏ కొండలో మీకు చెప్పనక్కర్లేదు. మధ్యలో వచ్చే దృశ్యాలు మాత్రం పెన్సిల్వేనియావి. పోయిన శీతాకాలం వీడియోలో మా ఆయన ఒక నల్లటి గొట్టానికి కన్ను ఆనించి నిలబడితే, "అల్లుడు పోలీసుల్లో చేరాడా అమ్మా?" అని పిన్నులందరూ ఫోన్లు చేశారు.

చేరలేదు. ఆ గొట్టం స్కోపు, అంటే తుపాకీ మీద బిగించి గురి చూసే దూర్బీను. ఆఫీసులో తోటివాళ్లు జింకల వేటకు పిలిచారు, ఈయన సరే అన్నారు. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద వేట మాట ఎత్తితే కేసే. అక్కడ అదొక సీజను. మొదటిసారి వెళ్లేవాళ్లు తరగతులకు హాజరై పరీక్ష రాస్తే లైసెన్సు ఇస్తారు. రైఫిల్ సీజనులో తలమీద, ఛాతీమీద, వీపుమీద కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు కనిపించాలి. మనుషులకు దూరం నుంచే తెలుస్తుంది, జింక కన్ను మాత్రం ఆ రంగును సరిగా పోల్చుకోలేదు. పని వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకీ నిషేధమే, వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. మాకు గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి ఆ తలనొప్పి లేదు.

నాకు వేట మీద ఆసక్తి లేదు. నవంబరు చివర్లో అక్కడ సాయంత్రం ఐదు కాకుండానే చీకటి పడిపోతుంది. ఆ చీకట్లో ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చోవడం ఇష్టంలేక, ఆయన స్కోపు కొనడానికి వెళ్తున్న కొట్టుకు నేనూ బయలుదేరాను.

ఆ కొట్టు చూడండి. ఒక పక్క గుడారాలు, చేపల గాలాలు, పిల్లల బూట్లు. ఇంకో పక్క వరసగా తుపాకులు. మా తాతయ్యకు ఒంటి గొట్టం లైసెన్సు తుపాకీ ఉండేది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ దాన్ని పాత దుప్పటిలో చుట్టి స్టేషనులో అప్పగించి, రసీదు తెచ్చి దేవుడి పటం వెనక పెట్టేవారు. స్కోపు కొనడానికైతే అక్కడ ఏ కాగితమూ అడగరు. డబ్బిస్తే చాలు.

మా ఆయన నేరుగా అన్నిటికంటే పెద్దదాని దగ్గరకు వెళ్లారు. దాని మీద 6-24×50 అని ఉంది. అంటే వస్తువును ఆరు రెట్ల నుంచి ఇరవై నాలుగు రెట్ల దాకా పెద్దది చేస్తుంది, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. ధర 900 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 81,000. కౌంటరు దగ్గరున్న పెద్దాయన దాన్ని అమ్మడానికి తొందరపడలేదు. అదీ, పక్కనే ఉన్న చిన్న 3-9×40 కూడా తీసుకుని, "బయటికి రండి" అన్నారు. అప్పటికే మసక చీకటి.

కారు పార్కింగుకు అవతల చెట్లున్నాయి. పెద్దదాన్ని ఇరవై నాలుగుకు తిప్పి చూశాను. ఏదో కొమ్మ, అదీ నల్లగా. ఏ చెట్టుదో తెలియలేదు. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లాడిని తాళంచెవి రంధ్రంలోంచి వెతికినట్టుంది. చిన్నదాన్ని నాలుగు మీద పెట్టి చూస్తే చెట్లూ, మధ్య దారీ, దారి పక్కన చెత్తడబ్బా అన్నీ కనిపించాయి.

కారణం ఆయన చెప్పిన చిన్న భాగహారం. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు వస్తుంది. 50ని 24తో భాగిస్తే రెండు మిల్లీమీటర్లు. 40ని 4తో భాగిస్తే పది. చీకట్లో మన కంటిపాప ఐదు నుంచి ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, దానికి రెండు ఏం సరిపోతుంది? అక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా జింకను కాల్చవచ్చు. జింకలు ఎక్కువగా తిరిగేదీ ఆ మసక వేళల్లోనే. చెట్లు దట్టంగా ఉన్నచోట వంద గజాలు దాటి గురి చూసే అవకాశమే తక్కువని కూడా పెద్దాయన అన్నారు.

కంటికీ అద్దానికీ మధ్య మూడున్నర, నాలుగు అంగుళాల ఎడం ఉండాలట. పేలినప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది. ఎడం చాలకపోతే స్కోపు అంచు కనుబొమను కోస్తుంది. మా ఆయనకు కళ్లజోడు కూడా ఉంది. ఈ మాట విన్నాక చిన్నదే తీసుకోమని నేను పట్టుబట్టాను. ఆయన ముఖం ముడుచుకున్నారు, కానీ తీసుకున్నారు.

స్కోపు 300 డాలర్లు. దాన్ని తుపాకీకి బిగించే రింగులు అందులో రావు, వాటికి ఇంకో 40. ధరచీటీ మీద కనిపించని పన్ను ఆరు శాతం. అన్నేళ్లున్నా ఈ పన్ను విషయంలో నాకు ఒళ్లు మండుతూనే ఉంటుంది. చీటీ మీద ఉన్నంతే తీసుకుంటే ఏం పోతుంది? మొత్తం 360 డాలర్ల 40 సెంట్లు, అంటే 32,436 రూపాయలు.

ఈ లెక్క నిన్న అత్తయ్యగారు విన్నారు. "దేవస్థానం శ్రీవాణి ట్రస్టుకు మనిషికి పదివేలు విరాళం, ఐదు వందలు దర్శనం టికెట్టు. ముగ్గురం కొండకు వెళ్లొచ్చి, మిగిలిన డబ్బుతో లడ్డూలు తెచ్చుకునేవాళ్లం" అన్నారు. మీకు ఆధార్‌లో తిరుపతి చిరునామా ఉంది, నెలలో మొదటి మంగళవారం స్థానికుల దర్శనానికి డబ్బే అక్కర్లేదు కదా అన్నాను. "నాకు ఉంది. నీకు?" అన్నారు. నా ఆధార్ కూడా ఈ ఇంటి చిరునామాతోనే ఉంది. మార్చుకోలేదు, మార్చుకోను కూడా. ఆ మాట చెబితే ఆవిడ ఏమీ అనకుండా ఇంకో దోసె వేశారు.

చంద్రగిరి దగ్గర చేను ఉన్న మామయ్య బాధ వేరు. అడవిపందులు రాత్రికి రాత్రి వేరుశనగ మళ్లను తవ్విపోస్తున్నాయి. "అమ్మాయీ, ఆ దూర్బీను ఇక్కడికి తెస్తే పోయేదిగా?" అన్నారు. రైఫిల్ స్కోపు దేశం దాటించాలంటే అమెరికా ఎగుమతి నిబంధనలు అడ్డొస్తాయి, తెచ్చినా దాన్ని బిగించడానికి మీ దగ్గర తుపాకీ ఎక్కడిది అన్నాను. తాతయ్య పోయాక దాన్ని అప్పగించేశారు. "అయితే పాత చీరలు ఇప్పించు, గట్టు చుట్టూ కడతాను" అన్నారు. చీర గాలికి కదిలితే లోపల మనిషి ఉన్నాడనుకుని పందులు రావట.

అత్తయ్యగారు బీరువా తెరిచి నైలాను చీరలు నాలుగు బయట పడేశారు. నా పెళ్లికి వాళ్లు పెట్టిన ఆకుపచ్చ చీర కూడా అందులో ఉంది. అది ఇవ్వను అన్నాను. వచ్చే వీడియోలో మిగతా మూడూ చేను గట్టున చూపిస్తాను.