సున్నా అంటే నాకు నమ్మబుద్ధి కాలేదు

అక్క: నమస్కారం అండీ. మళ్ళీ మేమిద్దరమే, చెన్నైలో మా ఇంటి హాల్లోంచి. మధ్యలో కూరగాయల బండి మైకు వినిపిస్తే ఏమనుకోకండి, కిటికీ మూస్తే ఈ ఉక్కలో ఉండలేం. ఈసారి విషయం మా అమ్మాయి అడ్మిషన్‌తో మొదలైంది.

తమ్ముడు: మొదలవడమేంటి, కాలేజీకి వెళ్ళి గొడవ పెట్టుకొచ్చావుగా!

అక్క: గొడవేం లేదురా. పేరెందుకులే, ఊరి చివర ఒక ప్రైవేటు కాలేజీ. రంగుల పుస్తకం చేతిలో పెట్టారు. ప్లేస్‌మెంట్ల శాతం దశాంశాలతో సహా వేశారు. భద్రత దగ్గరికొచ్చేసరికి సీసీ కెమెరా బొమ్మ, కింద ‘24 గంటల నిఘా’. అంతే! “పోయినేడు ఆడపిల్లల దగ్గర్నుంచి ఎన్ని ఫిర్యాదులొచ్చాయి సార్?” అనడిగా. ఆయన పెన్నుకు మూత పెట్టేసి, “మా దగ్గర అలాంటివేం ఉండవమ్మా” అన్నాడు.

తమ్ముడు: వేలమంది చదివే చోట సున్నా అంటే నాకు భయమే. ఎవరూ చెప్పలేదా, లేక చెప్పినా రాసుకోలేదా?

అక్క: నువ్వు అమెరికాలో ఉన్నప్పుడు ఎలా ఉండేది?

తమ్ముడు: క్యాంపస్ పోలీసుల దగ్గర క్రైమ్ లాగ్ ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు. నా సైకిల్ పోయినప్పుడు నేనూ చూశా. ఏం పోయింది, ఎప్పుడు, ఏ బిల్డింగ్ దగ్గర, ఎప్పుడు ఫిర్యాదు చేశారు, కేసు ఎంతవరకొచ్చింది. మొత్తం ఒక్క వరుస. నా పేరు మాత్రం ఎక్కడా లేదు.

అక్క: సైకిల్ దొరికిందా?

తమ్ముడు: ఎక్కడ దొరుకుతుంది! కానీ ఆ వరుసకి పైనా కిందా ఇంకో నాలుగు సైకిళ్ళున్నాయి, అన్నీ ఆ ఒక్క స్టాండ్ దగ్గరే. మర్నాటి నుంచి అక్కడ పెట్టడం మానేశా, అంటే కొత్త సైకిల్ కొన్నాక.

అక్క: అదంతా వాళ్ళ మంచితనమా?

తమ్ముడు: కాదు, చట్టం. 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ళ అమ్మాయిని తన హాస్టల్ గదిలోనే అత్యాచారం చేసి చంపేశారు. చేసింది అక్కడి విద్యార్థే. తాళం పడాల్సిన తలుపులు ఎవరో అడ్డుపెట్టి తెరిచి ఉంచితే లోపలికొచ్చాడు. అంతకుముందు మూడేళ్ళలో ఆ క్యాంపస్‌లో 38 హింసాత్మక నేరాలు జరిగాయని ఆ తల్లిదండ్రులకు తర్వాత తెలిసింది. ముందే తెలిస్తే పిల్లని అక్కడ చేర్చేవాళ్ళా? వాళ్ళ పోరాటం వల్లే 1990లో చట్టం వచ్చింది. ఇప్పుడది క్లెరీ చట్టం. ప్రభుత్వ ఆర్థిక సాయం పొందే విద్యార్థులున్న కాలేజీలన్నీ ఏటా అక్టోబర్ 1కల్లా మూడేళ్ళ నేరాల లెక్కలు బయటపెట్టాలి. ప్రమాదం ఇంకా పొంచి ఉందనిపిస్తే విద్యార్థులందరికీ హెచ్చరిక పంపాలి.

అక్క: పంపకపోతే?

తమ్ముడు: 2024లో లిబర్టీ యూనివర్సిటీ మీద 1 కోటి 40 లక్షల డాలర్ల జరిమానా పడింది. అయినా చిల్లులున్నాయిలే. విద్యార్థి బయట అద్దెకున్న ఇంట్లో ఏదైనా జరిగితే, సాధారణంగా అది లెక్కలోకి రాదు.

అక్క: మన పేయింగ్ గెస్ట్ ఇళ్ళల్లో ఉండే పిల్లల్లాగే అన్నమాట. మరి మనకసలు లెక్కలే లేవా?

తమ్ముడు: ఉన్నాయి, కానీ మనదాకా రావు. ఢిల్లీలో యూజీసీ అని యూనివర్సిటీలను చూసే సంస్థ ఉందిగా, దాని 2015 నిబంధనల ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులెన్ని, ఎన్ని తేలాయి అని కాలేజీలు ఏటా యూజీసీకి నివేదిక పంపాలి. ఫీజు కట్టేది మనం, లెక్క వెళ్ళేది ఢిల్లీకి! ప్రభుత్వ యూనివర్సిటీ అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, జవాబుకి 30 రోజుల గడువు. ప్రైవేటు వాళ్ళు చాలాసార్లు ఆ చట్టం మాకు వర్తించదంటారు.

అక్క: పోనీ అన్నీ బయటపెడదామంటే, అన్నా యూనివర్సిటీ విషయం గుర్తుకొస్తుంది. 2024 డిసెంబర్ 23 రాత్రి క్యాంపస్‌లోనే ఒక విద్యార్థిని మీద అఘాయిత్యం జరిగింది. ఆ అమ్మాయి ధైర్యం చేసి ఫిర్యాదిస్తే, ఆమె వివరాలతో సహా ఎఫ్‌ఐఆర్ ఆన్‌లైన్లో బయటికొచ్చేసింది. అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

తమ్ముడు: మద్రాస్ హైకోర్టు మహిళా ఐపీఎస్‌లతో సిట్ వేసి, ఆ అమ్మాయికి 25 లక్షల మధ్యంతర పరిహారం ఇమ్మంది. 2025 జూన్‌లో నేరస్థుడికి యావజ్జీవం పడింది, కనీసం 30 ఏళ్ళు లోపలే. నన్నడిగితే, అక్కా, మనవాళ్ళు దాచాల్సింది చెప్తున్నారు, చెప్పాల్సింది దాస్తున్నారు. నా సైకిల్ వరుస చూడు, పేరు లేదు, చోటుంది. పక్క పిల్లకి కావాల్సింది ఆ చోటే.

అక్క: దానికేరా, మా అమ్మాయి నాకన్నా తెలివైంది. నేను ఆఫీసులో ఆయనతో వాదిస్తుంటే, అది గేటు బయట టీ కొట్టు దగ్గర సీనియర్ల పక్కన కూర్చుంది. పావుగంటలో మొత్తం లాగేసింది. ఏ వార్డెన్ ఫోన్ ఎత్తుతుంది, ఏ బస్సు ఆఖరిది, లైబ్రరీ వెనక దారిలో లైటు ఎన్నాళ్ళుగా వెలగట్లేదు...

తమ్ముడు: ఎన్నాళ్ళుగా?

అక్క: ఆ సీనియర్ చేరినప్పటి నుంచీ. ఇప్పుడామె ఫైనలియర్.