బిషప్ హిల్: ఉమ్మడి సొత్తు, ఒక్కడి చేతిలో చిట్టా

ఈ గోపురం మీది గడియారం చూడండి. గంటల ముల్లు ఒక్కటే ఉంది. నిమిషాల ముల్లు ఊడిపోలేదు, అసలు పెట్టనే లేదు. పొద్దున లేచింది మొదలు అందరూ కలిసి పొలానికి పోయే ఊళ్లో నిమిషాల లెక్క ఎవరికి కావాలి అంటారు ఇక్కడివాళ్లు. వినడానికి బాగుంది, అంతే అనుకోండి.

ఇది అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం, హెన్రీ కౌంటీలోని బిషప్ హిల్. ఇప్పుడు జనం నూట చిల్లర. 1846లో ఎరిక్ యాన్సన్ అనే బోధకుడి వెంట స్వీడన్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న కాలనీ, సొత్తంతా ఉమ్మడి. యాన్సన్ పుట్టినూరు బిస్కోప్స్‌కుల్లా, దాన్నే ఇంగ్లిష్‌లోకి మార్చి పెట్టుకున్నారు. బైబిల్ ఉండగా వేరే గ్రంథాలెందుకని స్వీడన్‌లో అక్కడి అధికారిక చర్చి అయిన లూథరన్ శాఖ పుస్తకాలు తగలబెట్టించాడు. దాంతో అక్కడ నిలువనీడ లేకుండా పోయింది.

షికాగో దాకా పడవల్లో వచ్చి, అక్కణ్నుంచి చాలామంది సుమారు 250 కిలోమీటర్లు నడిచారు. ఇళ్లు లేవు. వాగు గట్టును తొలిచి గుహల్లాంటి గదుల్లో దూరారు. చెమ్మ, ఇరుకు, చాలీచాలని తిండి. ఆ ఒక్క చలికాలంలోనే 96 మంది పోయారు. 1849లో కలరా వచ్చి 150 మంది దాకా పోయారు. మరుసటి ఏడు మే 13న ఈ కౌంటీ కేంద్రమైన కేంబ్రిడ్జ్ ఊరి కోర్టులో యాన్సన్‌ను జాన్ రూట్ కాల్చి చంపాడు. తన భార్యను కాలనీ తనతో పంపలేదన్నది అతని పగ. ఆమె యాన్సన్‌కు బంధువే.

నాయకుడు పోయినా ఊరు నిలబడింది. ఎందుకంటే చేతిలో పని ఉంది. 1851లో ఆడవాళ్లు నేసిన అవిసెనార బట్ట 28 వేల గజాలు దాటింది. అవిసె మొక్కను కోయరు, వేళ్లతో పీకుతారు, నార పొడుగు తగ్గకూడదని. తర్వాత నీళ్లలో నానబెట్టాలి. తక్కువ నానితే లోపలి పుల్ల వదలదు, ఎక్కువ నానితే నారే కుళ్లి తెగిపోతుంది. ఆపైన నలగ్గొట్టి, దువ్వి, వడకాలి. చీపుళ్ల పంట కూడా వేశారు. అది మన జొన్న జాతిదే, కానీ గింజ కోసం కాదు, కంకి పుల్లల కోసం. గింజ ముదరకముందే కోయాలి. ఆలస్యమైతే పుల్ల ఎర్రబడి పెళుసెక్కి, ఊడుస్తుంటే విరుగుతుంది.

దెబ్బ పొలంలో తగల్లేదు, చిట్టాలో తగిలింది. 1853లో రాష్ట్రం కాలనీని చట్టబద్ధ సంస్థగా గుర్తిస్తూ చార్టర్ ఇచ్చింది, ఆస్తంతా ఏడుగురు ట్రస్టీల చేతికొచ్చింది. బయటి వ్యాపారం మాత్రం వాళ్లలో ఓలోఫ్ జాన్సన్ ఒక్కడే చూసేవాడు. రైలు మార్గం కాంట్రాక్టులూ ఇంకేవేవో పెట్టుబడులూ పెట్టాడు. లెక్క అడిగే ఆనవాయితీ లేదు. 1857 ఆర్థిక సంక్షోభంలో అవన్నీ మునిగాయి. మరోపక్క 1854 నుంచి పెళ్లిళ్లు వద్దన్న కట్టుబాటు. పడుచువాళ్లు వెళ్లిపోక ఏం చేస్తారు?

1861కల్లా వాటాలు పంచేసుకున్నారు. పంపకమయ్యాక అప్పులు బయటపడ్డాయి, ఎవరి వాటాకు ఎంత అన్న పేచీ మొదలైంది. 1868లో వేసిన దావా 1879కి గానీ తెమల్లేదు.

కాలనీవాళ్లు కలిసి ఉండే నాలుగంతస్తుల బిగ్ బ్రిక్ భవనం 1928లో కాలిపోయింది, ఇప్పుడు ఖాళీ జాగానే. మ్యూజియంలో ఓలోఫ్ క్రాన్స్ బొమ్మలు మాత్రం వదలకండి. పన్నెండేళ్ల పిల్లాడిగా వచ్చినవాడు, దాదాపు యాభై ఏళ్ల తర్వాత జ్ఞాపకం మీద గీశాడు. మొక్కజొన్న విత్తే బొమ్మలో తాడు రెండు కొసలా ఇద్దరు మగవాళ్లు పట్టుకున్నారు. ఆ తాడు వెంబడి ఆడవాళ్లు బారుగా నిలబడి కర్రలతో గుంతలు చేస్తున్నారు.