తోతాపురి గుజ్జు వ్యాపారంలో సమాచార భాగస్వామ్యం

సభకు నమస్కారం.

చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి కాయ పానీయంగా మారేలోపు రైతు, ర్యాంపు (రైతుల కాయను పోగుచేసే కేంద్రం) వ్యాపారి, గుజ్జు ఫ్యాక్టరీ, ఎగుమతిదారు, పానీయాల కంపెనీ ఇలా ఎన్నో చేతులు మారుతుంది. ఫ్యాక్టరీ మొదలు పైనున్న అందరికీ ఎవరి కంప్యూటరు వారికి ఉంది. లేనిదల్లా ఒకరి లెక్క మరొకరికి కనిపించే ఏర్పాటు. 2025 సీజన్‌లో ఆ లోటు బయటపడింది. పాత గుజ్జు గిడ్డంగుల్లో ఎంత నిలిచి ఉందో కాయ కోయబోయే రైతుకు ముందుగా తెలిసే మార్గం లేకపోయింది. ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి. చివరకు ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు నిర్ణయించి అందులో 4 రూపాయలు తానే భరించవలసి వచ్చింది. నిల్వల వివరాలు పంచుకొని ఉంటే ధర పడేది కాదని నేను అనను, పండిన కాయ ఎవరి కోసమూ చెట్టున ఆగదు. కోతలు దఫాలుగా సాగి, గేటు ముందు పడిగాపులు తగ్గేవని మాత్రం అనగలను.

అమ్మకంలో వచ్చే చిన్న మార్పు సరఫరా వరుసలో వెనక్కి వెళ్లేకొద్దీ పెద్దదవుతుందని 1997లో సరఫరా వ్యవస్థల పరిశోధకుడు హౌ లీ, ఆయన సహచరులు వివరించారు. పసిపిల్లల డైపర్ల వాడకం నిలకడగానే ఉన్నా తయారీదారైన ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌కు అందే ఆర్డర్లు ఎగుడుదిగుడుగా ఉండేవి. మధ్యవారు అసలు అమ్మకాన్ని కాక తమకు వచ్చిన ఆర్డరును చూసి అంచనా కట్టడం అందుకొక కారణం.

ఇటువంటప్పుడు మనవారు ముందు సాఫ్ట్‌వేర్ కొంటారు. అది చివర చేయవలసిన పని. తూకం చీటీ మీద, లాటు మీద, రవాణా పత్రం మీద ఒకే సంఖ్య ఉండాలని, బ్రిక్స్, అంటే తీపి కొలత, ఎక్కడ, ఎవరి సమక్షంలో తీసుకోవాలని, ఎవరి వివరం ఎవరు చూడవచ్చునని భాగస్వాములు ముందుగా ఒప్పుకోవాలి. ద్రాక్ష ఎగుమతులకు కేంద్ర వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా 2006లో సరుకు ఏ తోటదో గుర్తించే గ్రేప్‌నెట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ తెచ్చినప్పుడు తోట, ప్రయోగశాల, ప్యాక్‌హౌస్ ఒకే నమోదుకు కట్టుబడ్డాయి. ధరలు దాచుకోండి, తప్పులేదు. నిల్వలు, రాబోయే సరుకు దాచితే అందరికీ నష్టం.

అసలు చిక్కు ఖర్చుది. వివరాలు నమోదు చేసే శ్రమ చిన్నవాడిది, వాటితో లాభపడేది పెద్ద కొనుగోలుదారు అయితే ఏ వ్యవస్థా రెండో సీజన్ దాటదు. అందుకే వివరం ఇచ్చినవాడికి వెంటనే ఏదో ఒకటి దక్కాలి: రైతుకు ఫోనులో కాయ తేవలసిన టోకెన్ తేదీ, ఫ్యాక్టరీకి త్వరగా డబ్బు. 5 కోట్ల టర్నోవర్ దాటిన సంస్థలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ (ఎలక్ట్రానిక్ బిల్లు) తప్పనిసరి కనుక, బిల్లుకు ఒకే నమూనా ఇప్పటికే ఉంది. చిన్న ఫ్యాక్టరీ తన బిల్లును ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికపై పెట్టి, కొన్న కంపెనీ దాన్ని అంగీకరిస్తే, బ్యాంకులు పోటీపడి ముందుగానే సొమ్ము ఇస్తాయి. 250 కోట్ల టర్నోవర్ మించిన కంపెనీలు అందులో నమోదు కావాలని కేంద్రం 2024 నవంబరులో ఆదేశించింది.

వచ్చే సీజన్‌కు నేను కోరేది రెండే పట్టికలు: ప్రతి ఫ్యాక్టరీ వారానికొకసారి తన నిల్వను, రోజుకెన్ని టన్నులు ఆడగలదో ప్రకటించడం, ప్రతి ర్యాంపు మరుసటి వారం రాబోయే కాయ అంచనాను చెప్పడం. మే నెలలోనే మొదలుపెట్టాలి, జూన్‌లో ఎవరికీ తీరిక ఉండదు.