సోమవారం రమ్మన్నాను

శ్రోతలందరికీ నమస్కారం.

ఇక్కడే, అనంతపురంలో, తాగుడు మానిపించే ఒక కేంద్రంలో నేను సోషల్ వర్కర్‌ని. తాగేవాళ్ల గురించి చాలామంది మాట్లాడతారు. ఈ పూట వాళ్లకు సాయం చేసే మా గురించి చెబుతాను, మా మనసులో ముందే కూర్చున్న అభిప్రాయాల గురించి.

ఉద్యోగంలో నాకది మొదటి ఏడాది. ఒక శుక్రవారం పొద్దున తాడిపత్రి వైపు నుంచి ఒకాయన వచ్చినాడు. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. గోళ్ల సందుల్లో తెల్లటి రాతిపొడి. మా దగ్గరికి రావడం మూడోసారి. భార్య గడప దగ్గరే నిలబడింది.

"తాగి రెండు దినాలయింది మేడమ్. నా కూతురి మీద ఒట్టు" అన్నాడు.

చేతులు వణుకుతున్నాయి. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. గ్లాసుతో నీళ్లిస్తే సగం ఒలికిపోయినాయి. పొద్దున్నే వేసుకొని వచ్చి అబద్ధమాడుతున్నాడు అనుకున్నాను. "అబద్ధాలు చెబుతాడు, మానాలనే పట్టుదల లేదు" అని ఫైల్లో రాసి, సోమవారం రమ్మని పంపించేసినాను.

మా సీనియర్ మేడమ్ వారానికో గంట మాతో కూర్చుంటారు. తలుపు వేసి, ఫోన్లు పక్కన పెట్టి. ఆ మధ్యాహ్నం ఆ ఫైలు చూసినారు.

"వాసన వచ్చిందా?"

"లేదు మేడమ్."

"చేతులు?"

"వణుకుతుండె."

"రాత్రి నిద్ర పట్టిందా అని అడిగితివా?"

అడగలేదు. మేడమ్ లేచి ఆయన భార్యకు ఫోన్ చేసినారు. వాళ్లింకా బస్టాండులోనే ఉన్నారు. ఆటోలో వెనక్కి పిలిపించి డాక్టరుకు చూపించినాం. ఆ రాత్రి ఆయన వార్డులో పక్క దుప్పటి మీద లేని చీమల్ని దులుపుతానే ఉన్నాడు. రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే కొందరికి 48 నుంచి 72 గంటల మధ్య ఇలాంటి స్థితి వస్తుంది. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఇదంతా నేను చదివిందే, పరీక్షలో రాసిందే. మనిషి ఎదురుగా కూర్చొని వణుకుతుంటే మాత్రం నా కంటికి ఆనలేదు.

ఎందుకు ఆనలేదు? తరువాతి శుక్రవారం మేడమ్ అడిగింది అదొక్కటే. తిట్టలేదు.

"ఆయన మాట్లాడుతుంటే నీకు ఎవరు గుర్తొచ్చినారమ్మా?"

చాలాసేపటికి "మా నాయన" అన్నాను. మా నాయన నా తలమీద చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టు పాపా, తాగలేదు" అనేవాడు. ఆ చేతి బరువు ఇప్పటికీ తెలుస్తుంది. అన్నిసార్లూ అబద్ధమే. తాడిపత్రి ఆయన ఒట్టు అనేసరికి నాకు మా నాయన గొంతు వినిపించింది. ఆ తరువాత ఆయన చెప్పిందేదీ చెవికెక్కలేదు.

ఇట్లా కూర్చొని మాట్లాడుకోవడాన్ని రిఫ్లెక్టివ్ సూపర్విజన్ అంటారు. రిజిస్టర్లు, హోమ్ విజిట్ల లెక్క చూడడం వేరే పని. కేంద్ర ప్రభుత్వం 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు. మా ఉద్యోగుల ఇళ్లల్లో మాత్రం తాగేవాళ్లు లేకుండా ఉంటారా? కొందరికి కోపం వస్తుంది, కొందరికి జాలి పొంగి నియమాలన్నీ పక్కకు పోతాయి. మగవాడు తాగితే "పాపం, ఒళ్లు నొప్పులు" అని, ఆడమనిషి తాగితే ఇంకో మాట రాసిన ఫైళ్లు నేను చూసినాను. ఆ గంటను పని ఎగ్గొట్టడంగా లెక్కేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఈ పనిలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్కటే చెబుతాను. నోటుబుక్కులో పేజీ మధ్య గీత గీయండి. ఎడమవైపు చూసింది, విన్నది: చేతులు వణుకు, చెమట, వాసన లేదు. కుడివైపు మీకనిపించింది: అబద్ధాలకోరు. ఫైల్లోకి ఎడమవైపుదే పోవాలి. కుడివైపుది ఆ తలుపు వేసిన గంటకు దాచుకోండి.

ఆయన పదకొండు రోజులకు ఇంటికి పోయినాడు. పోతా పోతా, "ఆ పొద్దు నన్ను నమ్మలేదు కదా మేడమ్" అన్నాడు. "నమ్మలేదన్నా. తప్పు నాదే" అన్నాను.

మీ ఇంట్లో రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేసి, వణుకుతూ, నిద్ర పట్టక తిరుగుతుంటే సోమవారం దాకా ఆగొద్దు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోండి. తాగుడు మానడం గురించి ఏం అడగాలన్నా 14446కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

సెలవు.