టెలిగ్రామ్ వస్తే ఎందుకు ఏడ్చారు? పాత టీవీ కామెడీలో పేలని జోకులు

[తెర మీద: హన్మకొండలో ఒక ఇంటి ముందుగది. టీవీ నడుస్తోంది.]

నమస్తే. మొన్న ఆదివారం అమ్మ, నేను, మా అక్క బిడ్డ కూచొని ఓ పాత కామెడీ సీరియల్ చూస్తున్నాం. పోస్టుమ్యాన్ గుమ్మంలో నిలబడి "టెలిగ్రామ్!" అని కేకేశాడు. అంతే, కవరు విప్పకముందే ఇంట్లో అందరూ ఏడుపందుకున్నారు. తీరా చూస్తే అందులో ఉన్నది ఉద్యోగం వచ్చిందన్న కబురు. అమ్మ పడీపడీ నవ్వింది. తొమ్మిదో తరగతి చదివే మా పిల్ల మాత్రం నావైపు తిరిగి, "మామా, టెలిగ్రామ్‌ల సినిమా వస్తే ఏడుస్తరేంది?" అంది.

[తెర మీద: పాత టెలిగ్రామ్ కాగితం. పక్కన ఫోన్‌లో యాప్ గుర్తు.]

తప్పు పిల్లది కాదు. మన దేశంలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయింది 2013 జూలైలో. అదే పేరుతో యాప్ వచ్చింది సరిగ్గా తర్వాతి నెల, ఆగస్టులో! పాత మాట పోయిన ఖాళీలోకి కొత్తది వచ్చి కూచుంది.

అప్పట్లో టెలిగ్రామ్‌కి మాటల లెక్కన డబ్బు. ఉత్తరం రెండుమూడు రోజులకు చేరేది కాబట్టి, ఆగలేని కబురుకే తంతి కొట్టేవాళ్లు. ఆగలేని కబురంటే ఎక్కువసార్లు చావో, చావుబతుకులో. "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్న నాలుగైదు మాటలు మా అమ్మ తరానికి నోటికొచ్చు. ఆ భయం తెలిసినవాళ్లకే ఆ సీన్‌లో నవ్వు. తెలియనివాళ్లకు అదొక ఏడుపు సీన్, అంతే.

ఎస్టీడీ బూత్, అంటే డబ్బిచ్చి దూరపు ఊళ్లకు ఫోన్ చేసుకునే గది, దాని జోకులదీ ఇదే గతి. "రాత్రి పది దాటితేగాని మా ఆయనకు నా మీద ప్రేమ పుట్టదు" అని ఒకామె అంటే అప్పుడు నవ్వారు. రాత్రి పొద్దుపోయాక ఎస్టీడీ రేటు బాగా తగ్గేది మరి. అద్దాల గదిలో మాట్లాడేవాడి కన్ను ఎర్రంకెలు తిరిగే మీటరు మీదే ఉండేది. అన్‌లిమిటెడ్ ప్యాక్ వేసుకున్న పిల్లలకు ఇదెట్లా అర్థమైతది?

[తెర మీద: కూరగాయల బండి]

ఇక ఒకే మాటకు రెండర్థాలు పెట్టి ఆడే జోకులు. మన అలంకారశాస్త్రం దీన్ని శ్లేష అంటుంది. ఒకటి నేనే చెప్తా. పెళ్లి కాని కూరగాయల అతని దగ్గరికొకరు వచ్చి "ఆలు ఉందా?" అంటారు. అతను నిట్టూర్చి "నాకే లేదన్నా" అంటాడు.

ఆలు అంటే భార్య అని పాత అర్థం. ఇప్పుడది విడిగా వినపడదు. "ఆలుమగలు"లోనూ, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెతలోనూ, ఇట్లాంటి చోట్లే మిగిలింది. మన దగ్గర ఆలుగడ్డ అంటాం గనుక వరంగల్‌లో ఈ జోకు నడుస్తది. బంగాళాదుంప అనే గుంటూరు బజారులో ఇదే అడగండి, శ్లేషే పుట్టదు.

మాటను విరవకుండా రెండర్థాలొస్తే అభంగ శ్లేష, "ఆలు" లాగా. విరిస్తే వచ్చేది సభంగ శ్లేష: "పాలకూర అన్నావు, పాలేవి?" రెండోది చిన్నపిల్లలకు కూడా తేలిగ్గా పేలుతుంది. ఎందుకంటే పాలు, కూర రెండూ వాళ్లకు తెలిసినవే.

మర్యాద కూడా శ్లేషను చంపుతుందండోయ్. చెప్పుల దుకాణంలో "ఏం కావాలో చెప్పు" అంటే "అవును, చెప్పే కావాలె, తొమ్మిదో నంబరు" అనొచ్చు. అదే దుకాణాదారు "చెప్పండి" అన్నాడనుకోండి, జోకు అక్కడే ఖతం.

[తెర మీద: పాతిక పైసల బిళ్ల]

కాలం చెల్లినా చావని మాటలూ ఉన్నాయి. "చారాణా కోడికి బారాణా మసాలా." రూపాయికి పదహారణాల లెక్క 1957 ఏప్రిల్‌లోనే పోయింది. ఆ తర్వాత కూడా మనం చారాణా అని పిలుచుకున్న పాతిక పైసల బిళ్ల 2011 జూన్ దాకా చెల్లింది. ఆ బిళ్లను మా పిల్ల ముట్టుకోనే లేదు. అయినా ఈ సామెత వింటే నవ్వుతది. కోడి కన్నా మసాలాకు ఎక్కువైందన్న సంగతి మాటల్లోనే ఉంది కదా.

మరి చావబోయే జోకును ఎట్లా కాపాడాలె? నవ్వని మనిషికి జోకు అయ్యాక విప్పి చెప్తే, చల్లారిన మిర్చి బజ్జీని మళ్లీ నూనెలో వేసినట్టే. అందుకే నేను ముందు రోజు అన్నం తినేటప్పుడు ఊరికే ఎస్టీడీ బూత్ ముచ్చట తీశా. అమ్మ అందుకొని కాజీపేటలో తను లైన్లో నిలబడ్డ రాత్రుల గురించి అరగంట చెప్పింది. తెల్లారి ఆ ఎస్టీడీ సీన్ పెడితే పిల్ల నవ్వింది, మీటరు కనిపించగానే.

[తెర మీద: మళ్లీ ముందుగది. పిల్ల ఫోన్ నిలబెడుతోంది.]

అదే సాయంత్రం అమ్మ, "ఏం చేస్తున్నవే?" అనడిగింది.

"రీల్ చేస్తున్నా అమ్మమ్మా."

"కొత్తది ఎందుకే, నా కుట్టుమిషన్ డబ్బాల తెల్లది ఉన్నది, తీస్కపో."