గిడ్డంగి నిండింది, అడిగిన రకం లేదు

వ్యాఖ్యాత: పలాస నుంచి జీడిపప్పు పరిశ్రమ నడుపుతున్న శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. నిరుడు దీపావళికి ముందు డీలర్లు 240 రకం కావాలని వెంటపడ్డారు. ఈసారి ముందే రెట్టింపు పిక్కలు, అంటే పెంకుతో ఉన్న గింజలు, కొట్టించాను. గిడ్డంగిలో చోటు చాలడం లేదు. అప్పు చేసి ఇంకొకటి కట్టమంటారా మేడం?

నిపుణురాలు: అప్పు మాట తర్వాత. ఆ గిడ్డంగిలో ఏమున్నాయి?

శ్రోత: ఎక్కువగా 320, బద్దలు. 240 అప్పుడే అయిపోయింది.

నిపుణురాలు: కాక ఏమవుతుంది! పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, 240 గింజల లోపు తూగేదే ఆ రకం. 320 అంటే అంతకన్నా చిన్న గింజ. గింజ పరిమాణం చెట్టు ఇచ్చేది, మీ యంత్రం ఇచ్చేది కాదు. ఒక్క రకం కోసం బస్తాలు పెంచితే మిగతా రకాలూ పెరుగుతాయి. అందుకే కొనేటప్పుడే పిక్క కోసి లోపలి గింజ ఎంతుందో చూడండి. 320కి, బద్దలకు స్వీటు దుకాణాలతో ముందే బేరం కుదుర్చుకోండి.

శ్రోత: మరి నిల్వ ఎంత ఉంచాలి?

నిపుణురాలు: ముందు ఏ రూపంలో ఉంచాలో చూడండి. బాగా ఎండబెట్టిన పిక్క నెలల తరబడి ఆగుతుంది. పప్పు అయితే తేమ తగిలి మెత్తబడుతుంది, పురుగు పడుతుంది. పైగా కూలి డబ్బు కూడా అందులో ఇరుక్కుపోతుంది. నిల్వ పిక్కగా ఉంచి, ఆర్డరును బట్టి కొట్టించండి. ఉద్దానం పంట వేసవితో సరి. ఆ తర్వాత ఆఫ్రికా పిక్క ఓడలో రావాలి. రోజుకు 10 బస్తాలు కొడతారు, సరుకు రావడానికి 45 రోజులు పడుతుంది అనుకుందాం. నిల్వ 450 బస్తాలకు దిగకముందే ఆర్డరు పెట్టాలి. ఓడ ఆలస్యానికి మరికొంత కలుపుకోండి. 2018లో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను ఏం చేసిందో మీకు చెప్పనక్కర్లేదు. ఒక్క చోటి పిక్కనే నమ్ముకోకండి.

వ్యాఖ్యాత: విజయనగరం నుంచి కిరాణా వ్యాపారి.

రెండో శ్రోత: ఇందాకటి మాట విన్నానండి. నిజం చెప్పాలంటే, పండగ ముందు 10 డబ్బాలు అడిగితే 5 పంపుతారు. అందుకని మేం 20 అడుగుతాం.

నిపుణురాలు: (నవ్వుతూ) పలాసలో నిండిన గిడ్డంగికి మూలం దొరికింది! ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ పిల్లల డైపర్ల విషయంలో ఇదే గమనించింది. పసిపిల్లల వాడకం నిలకడగానే ఉంది, దుకాణాల అమ్మకమూ దాదాపు అంతే. పంపిణీదారుల ఆర్డర్లు మాత్రం ఎగిరిపడ్డాయి, ముడిసరుకు ఆర్డర్లు ఇంకా ఎక్కువగా. పలాస వారు అడగాల్సింది ‘ఎంత కావాలి’ అని కాదు, ‘ఈ వారం ఎంత అమ్మారు’ అని. మీరు ఆ లెక్క వాట్సాప్‌లో పంపగలరా?

రెండో శ్రోత: పంపుతాను. పండగ ధర, సరుకు చేరే తేదీ వాళ్లు ముందే ఖాయం చేయాలి మరి.

నిపుణురాలు: న్యాయమైన బేరమే. ఏమంటారు పలాస గారూ?

మొదటి శ్రోత: తేదీకి సరేనండి. ధర మాత్రం పిక్క కొన్నాక చెబుతాను.