రెండేళ్ల పిల్లతో బ్యాడ్‌ల్యాండ్స్: శ్రోతల ప్రశ్నలు, జవాబులు

యాంకర్: నమస్కారం, వారాంతపు ఫోన్-ఇన్‌కి స్వాగతం. ఇవాళ మాట్లాడుకునేది సౌత్ డకోటాలోని బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్ గురించి. అదీ నడక నేర్చి, మాట వినడం ఇంకా నేర్వని పిల్లల్ని వెంటేసుకుని వెళ్లడం గురించి. ఆ దారులు బాగా తెలిసిన ట్రావెల్ ప్లానర్ ఒకరు, పిల్లల డాక్టరమ్మ ఒకరు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్. హలో, చెప్పండి.

శ్రోత: నమస్తే అండీ, మినియాపొలిస్ నుంచి. మా పాపకి ఇరవై రెండు నెలలు. జూన్‌లో శుక్రవారం బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. శనివారం రోజంతా పార్కులో తిరిగి, సూర్యాస్తమయం కూడా చూసుకుని రూముకెళ్దామని మావారి ప్లాను. కుదురుతుందంటారా?

ప్లానర్: "రోజంతా" అన్న మాట కొట్టేయండమ్మా, మిగతాదంతా కుదురుతుంది. అక్కడ మట్టి కొండలు, గడ్డి మైదానం తప్ప నీడనిచ్చే చెట్టు దాదాపు ఉండదు. మీకు కావలసింది శనివారం పొద్దున్న నాలుగు గంటలు. ఎందుకంటారా, ఐ-90 హైవే మీద పడమటికి వెళ్తుంటే మర్డో అనే ఊరు దాటాక, కడోకా ఊరు రాకముందే గడియారం గంట వెనక్కి వెళ్తుంది. ఇంట్లో ఆరున్నరకి లేచే పాప అక్కడ ఐదున్నరకే లేచి కూర్చుంటుంది. జూన్‌లో అక్కడ పొద్దు పొడిచేది సుమారు ఐదుంబావుకి. అలారం పెట్టుకోకుండానే మంచి వెలుగు మీ చేతికొస్తుంది. అదే సూర్యాస్తమయమైతే ఎనిమిదిన్నర దాటుతుంది, అంటే పాప లెక్కలో తొమ్మిదిన్నర. ఆ టైముకి పాప ఏడుస్తుంటుంది, మీరు కొండలు చూడరు.

శ్రోత: మరి శుక్రవారం ఒక్కరోజులో అంత దూరం వెళ్లగలమా?

ప్లానర్: ఐదొందల మైళ్లు. ఫోన్లో మ్యాపు ఏడున్నర గంటలంటుంది, మీరు పది వేసుకోండి. రెండు గంటలకోసారి సీటులోంచి దించి, పావుగంట పరుగెత్తనివ్వాలి. సౌత్ డకోటాలో ఎగ్జిట్ నంబర్లు పడమటి సరిహద్దు నుంచి మైళ్ల లెక్క. మీరు దిగాల్సింది 131. ఏ బోర్డు కనిపించినా అందులోంచి 131 తీసేస్తే మిగిలిన దూరం తెలిసిపోతుంది. సూ ఫాల్స్ 396 దగ్గరుంది, అంటే ఇంకా 265. మిచెల్ దగ్గర 332లో ఒకసారి ఆగండి. తర్వాత చాంబర్లేన్‌లో 263కీ 265కీ మధ్య రెస్ట్ ఏరియా ఉంది. మిస్సోరీ నది కనిపిస్తుంది, 50 అడుగుల స్టీలు విగ్రహం ఉంది, పిల్ల పరుగెత్తడానికి చోటుంది. అక్కడే డైపర్ మార్చేయండి, పెట్రోలు చూసుకోండి. ఆ తర్వాత ఊళ్లు పలచబడతాయి. రాత్రికి కడోకాలో పడుకోండి, అది ఎగ్జిట్ 150. ఆఫీసు అయ్యాక సాయంత్రం బయల్దేరేటట్లయితే మాత్రం మూడు రోజుల్లో ఈ ట్రిప్పు పట్టదు. సోమవారం కూడా సెలవు పెట్టండి.

శ్రోత: పార్కులోకి వెళ్లాక?

ప్లానర్: 131 దగ్గర దక్షిణానికి తిరిగితే ఈశాన్య ద్వారం వస్తుంది. పొద్దున్న అటునుంచి వెళ్తే ఎండ ఎక్కువగా మీ వెనకుంటుంది. కళ్లలో కొట్టదు, కొండల మీద పడుతుంది. డోర్, విండో, నాచ్ అని మూడు ట్రెయిల్స్‌కి ఒకటే పార్కింగ్, టాయిలెట్ అక్కడే. విండో రానూ పోనూ కలిపి పావు మైలు. డోర్ ట్రెయిల్‌లో మొదటి పావు మైలు చెక్కబాట, అది అయిపోయిన చోట వెనక్కి తిరగండి, ఆపైన ఎగుడుదిగుడు రాతినేల. నాచ్ మీకొద్దు. మధ్యలో దుంగల నిచ్చెన ఎక్కాలి. తర్వాత విజిటర్ సెంటర్‌లో నీళ్లు నింపుకుని, ఫాసిల్ ఎగ్జిబిట్ ట్రెయిల్‌కి పదండి. పావు మైలు చెక్కబాట, స్ట్రోలర్ హాయిగా వెళ్తుంది, శిలాజాల నమూనాలు చేత్తో తడమొచ్చు. ఆ తర్వాత పసుపురంగు దిబ్బలు, పినకల్స్ అనే వ్యూపాయింటు కారు దిగి ఐదేసి నిమిషాలు చూస్తే చాలు. 240 రోడ్డు మీద అలా పోతే వాల్ ఊళ్లో, ఎగ్జిట్ 110 దగ్గర తేలతారు. పది, పదిన్నర అవుతుంది, మధ్యాహ్నం అన్నం అక్కడే.

అన్నం తినగానే పాప నిద్రకి పడుతుంది కదా, ఆ నిద్రలోనే తూర్పుకి బయల్దేరి మిచెల్ దాకా 222 మైళ్లు లాగేయండి. వెనక్కొచ్చేటప్పుడు గంట పోతుందని మర్చిపోకండి. ఆదివారానికి 300 మైళ్లే మిగులుతాయి.

యాంకర్: తర్వాత ఒమాహా నుంచి. చెప్పండన్నా.

శ్రోత: నమస్తే అన్నా. మా బాబుకి రెండేళ్లు దాటినయి. బైసన్, అదే ఇక్కడి అడవిదున్నలు, చూపియ్యాలె. సేజ్ క్రీక్ రిమ్ రోడ్ మీద మస్తు కనిపిస్తయంటరు గదా, మాది మామూలు సెడాన్, పోతదా?

ప్లానర్: పొడిగా ఉంటే పోతుంది, కంకర రోడ్డు, నెమ్మదిగా నడపాలంతే. వాన పడితే వద్దు. అక్కడి మట్టిలో బెంటొనైట్ ఉంటుంది, నీళ్లు తాగి ఉబ్బి జిగురు పట్టిన బంకమన్ను అవుతుంది. టైరు గాళ్లన్నీ పూడిపోయి నున్నగా అయిపోతాయి, ఇక పట్టుండదు. ముందురోజు రాత్రి ఉరుములు వినబడితే పొద్దున్న ఆ రోడ్డు సంగతి రేంజర్‌ని అడిగాకే తిప్పండి. ఆ మలుపు పినకల్స్ ద్వారానికి దగ్గర్లోనే ఉంటుంది. రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్ దాకా వెళ్లొస్తే చాలు. ప్రెయిరీ డాగ్ అంటే కుక్క కాదు, నేలలో బొరియలు తవ్వుకునే ఉడత జాతి జంతువు. పిల్లాడికి బైసన్ కన్నా అవే నచ్చుతాయి, బొరియలోంచి తల ఎత్తి కీచుమంటాయి. చేత్తో ఏమీ పెట్టనివ్వకండి, వాటి ఒంటి మీద రక్తం పీల్చే చిన్న పురుగుల (ఫ్లీస్) వల్ల ప్లేగు సోకే వీలుంది. బైసన్‌కి కనీసం 100 అడుగుల దూరం. కారులోంచే చూడండి. తోక పైకి లేపిందంటే దానికి చిరాకొచ్చినట్టు.

శ్రోత: నడిచేటప్పుడు చెయ్యి పట్టుకుంటే సరిపోదా? పిల్లల్ని వీపున మోసే క్యారియర్ కొనాల్నా?

ప్లానర్: వ్యూపాయింట్ల దగ్గర చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. అంచు గట్టిగా కనిపిస్తుంది గానీ, ఆ నేల పైపొర ఎండి పేలాల్లా విడిపోయి ఉంటుంది. అడుగేస్తే కింద గోళీలు పోసినట్టు జారుతుంది. చెయ్యి పట్టుకుంటే పిల్లాడితోపాటు మీరూ జారతారు. అందుకని చెక్కబాట మీద నడవనివ్వండి, బాట దిగే చోట వీపు క్యారియర్‌లో వేసుకోండి. కొత్తది కొంటే ఇంట్లో రెండుసార్లు అరగంట చొప్పున మోసి చూడండి, అక్కడ మొదటిసారి ఎక్కిస్తే ఏడుపే.

డాక్టర్: కార్ సీట్ గురించి ఒక్కమాట. రెండేళ్లు నిండాయని ముందుకి తిప్పేయకండి. సీటు మీద రాసిన బరువు, ఎత్తు హద్దు దాటేదాకా వెనక్కి చూసేలా ఉంచడమే మేలు. నిద్రపోయాడని పట్టీలు వదులు చేయొద్దు. భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లితే మడత చేతికి రాకూడదు. ఛాతీ క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి. కారు ఎండలో ఆపినప్పుడు బకిల్ కాలుతుంది, తెల్ల గుడ్డ కప్పి దిగండి. ఒక్క ఫొటోకైనా సరే, బాబుని లోపల వదిలి దిగొద్దు. పది నిమిషాల్లోనే లోపలి వేడి ఉన్నదానికన్నా ఇరవై ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా పెరిగిపోతుంది.

యాంకర్: తెనాలి నుంచి మనవడి దగ్గరికి వచ్చిన పెద్దావిడ లైన్లో ఉన్నారు. చెప్పండి అమ్మా.

శ్రోత: నమస్కారం నాయనా. డాక్టరమ్మా, బయట తిండి పిల్లాడికి పడదు. దారికి పులిహోర కలుపుతాను, వాడికి పెరుగన్నం. గోరువెచ్చని అన్నంలో పాలు పోసి చెంచాడు పెరుగు తోడేస్తే మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది కదమ్మా, మేం రైల్లో అట్లాగే పట్టుకెళ్లేవాళ్లం.

డాక్టర్: రుచికి అదే బాగుంటుంది అమ్మా, కాదనను. కానీ జూన్ ఎండలో కారులో చంటిపిల్లాడికి ఆ పద్ధతి వద్దండి. వండినా చావని సూక్ష్మజీవి బీజాలు అన్నంలో ఉంటాయి. వెచ్చగా వదిలేస్తే పెరిగి విషం చేస్తాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. రాత్రే వండి వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్న చల్లటన్నంలో చల్లటి పెరుగు కలిపి, పూటకి సరిపడా చిన్న చిన్న డబ్బాల్లో పెట్టి ఐస్ ప్యాకుల మధ్య కూలర్లో సర్దండి. లోపల 40 డిగ్రీల ఫారెన్‌హీట్ మించకూడదు. బయటకి తీశాక రెండు గంటలు, బయట 90 దాటితే ఒక గంట. మిగిలింది పారేయండి. పారేయడం మీకు కష్టమని తెలుసు, అందుకే చిన్న డబ్బాలన్నాను.

శ్రోత: పులిహోర?

డాక్టర్: పెద్దవాళ్లకి నిక్షేపంగా. చింతపండు పులుపు కొంత కాపాడుతుంది గానీ అదీ కూలర్లోనే ఉండాలి. బాబుకి పెట్టేది మాత్రం వేరుశనగ గుళ్లు, శనగపప్పు పోపు పడకముందే విడిగా తీయండి. కారు కదులుతుండగా గింజ గొంతుకి అడ్డం పడితే ముందు సీట్లోవాళ్లకి తెలియను కూడా తెలియదు. ద్రాక్షపళ్లు నిలువుగా నాలుగు ముక్కలు చేయండి.

శ్రోత: అట్లాగేనమ్మా. ఆ వంకర రోడ్లలో వాంతులకి మందేదన్నా వేయొచ్చా?

డాక్టర్: ప్రయాణపు మందులు రెండేళ్లలోపు పిల్లలకి వేయరు. ఆపైన కూడా మీ డాక్టర్ని అడిగి మోతాదు తెలుసుకోండి. పార్కులో సీడర్ పాస్ అనే చోట మలుపులు వచ్చేముందు పాలు పట్టకుండా, చేతికి ఫోను ఇవ్వకుండా ఉంటే చాలావరకు గడిచిపోతుంది.

యాంకర్: టైముంది, చివరి కాల్.

శ్రోత: సూ ఫాల్స్ నుంచండీ. పాముల భయం ఒకటి. ఇంకోటి, మా పాప రాయి కనిపిస్తే జేబులో వేసుకుంటుంది.

ప్లానర్: అక్కడ విషమున్న పాము ఒక్కటే జాతి, తోకతో గిలక చప్పుడు చేసే ప్రెయిరీ ర్యాటిల్‌స్నేక్. బాట పక్క గడ్డిలోకి, రాతి సందుల్లోకి చెయ్యి పెట్టనివ్వకపోతే దాని జోలి మీకుండదు. నిజానికి పిల్లలకి ఎక్కువగా తగిలేది నాగజెముడు ముల్లు, సరిగ్గా వాళ్ల పిక్కల ఎత్తులో ఉంటుంది. షార్ట్స్ కాదు, పల్చటి పొడుగు ప్యాంటు, బూట్లు వేయండి. ప్లక్కర్, వెడల్పాటి టేపు దగ్గరుంచుకోండి. పెద్ద ముల్లు ప్లక్కర్‌తో, నూగులాంటివి టేపు అంటించి లాగితే వస్తాయి.

రాళ్లు పార్కులోంచి తీసుకెళ్లడం నేరం. కానీ చూడనివ్వండి. 2010లో ఏడేళ్ల పాప ఒకామె విజిటర్ సెంటర్ దగ్గర్లోనే కత్తికోరలున్న, పిల్లిని పోలిన ప్రాచీన మృగం పుర్రె శిలాజం కనిపెట్టింది. మీకూ ఎముకలాంటిది కనిపిస్తే కదపకుండా, పక్కన నాణెం పెట్టి ఫొటో తీయండి, చుట్టూ కొండలు పడేలా ఇంకో ఫొటో తీయండి. వీలైతే లొకేషన్ కూడా సేవ్ చేసుకుని విజిటర్ సెంటర్‌లో చెప్పండి. లోపల సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి మ్యాపు కడోకాలోనే డౌన్‌లోడ్ చేసేయండి.